మన ఇష్టాన్ని దేవుని చిత్తానికి అప్పగించడం ఎలా? అడుగడుగునా ఒక సమగ్ర మార్గదర్శి

మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో నేను ప్రతి ఉదయం ఒకటే ప్రార్థన చేసేదాన్ని. "ప్రభువా, నీ చిత్తమైతే ఈ సంబంధం కుదిర్చు." అబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. విశ్వాసుల కుటుంబం. కట్నం మాటే ఎత్తలేదు. నాలుగు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. మా సంఘంలో అందరం మామ్మగారు అని పిలుచుకునే ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడ చేత కూడా ప్రార్థన చేయించుకుందామని వెళ్లాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అంతా విని, "చుట్టాలకు చెప్పేశావా?" అన్నారు. చెప్పేశానన్నాను. "చీరలు చూశావా?" చూశాను, ఒకటి పక్కన పెట్టమని అడ్వాన్సు కూడా ఇచ్చాను. ఆవిడ చేతిలో కాయ పళ్లెంలో పెట్టి నా మొహంలోకి చూశారు. "మరి దేవుణ్ణి ఏమడుగుతున్నావమ్మా? కాగితం నువ్వే రాసేసుకుని, ఆయన దగ్గరికి సంతకానికి తీసుకెళ్తున్నావు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇక్కడ రాస్తున్నదంతా ఆ మాట తర్వాత మెల్లగా నేర్చుకున్నదే. పెళ్లి, ఉద్యోగం, చదువు, వైద్యం, ఇల్లు, ఏ విషయంలోనైనా "దేవుని చిత్తం ఏమిటో తెలియడం లేదు" అని టెన్షన్ పడుతున్న విశ్వాసి కోసం ఇది.

ముందు "చిత్తం" అనే మాట గురించి

మన భాషలో ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. జమీందారు ముందు చేతులు కట్టుకుని నిలబడిన పాలేరు "చిత్తం దొరా" అనేవాడు. అంటే మీరు చెప్పినట్టే, నాకు వేరే మాట లేదు అని. తెలుగు బైబిలులో "నీ చిత్తమే సిద్ధించునుగాక" అని చదివేటప్పుడు చాలామందికి లోపల ఆ పాలేరు గొంతే వినిపిస్తుంది. దేవుని చిత్తం అనగానే ఏదో కష్టం, ఏదో పోగొట్టుకోవడం గుర్తొస్తుంది. ఎవరైనా చనిపోయినప్పుడే ఆ మాట ఎక్కువగా వాడతాం కూడా.

కానీ సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఆ మాట అన్నప్పుడు దాని ముందు ఏమన్నాడో చూడండి. మార్కు 14:36లో "అబ్బా తండ్రీ" అన్నాడు. దొర ముందు నిలబడ్డ పాలేరుకు దొర మనసు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కొడుకుకు తండ్రి మనసు తెలుసు. ఒకే మాట, భయంతో అనవచ్చు, నమ్మకంతో అనవచ్చు. ఈ మార్గదర్శిలోని అడుగులన్నీ మొదటి చిత్తం నుంచి రెండో చిత్తం దగ్గరికి నడవడానికే.

మొదటి అడుగు: మీ ఇష్టం ఏమిటో దాచకుండా చెప్పండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. నా ఇష్టం అంటూ ఏమీ ఉండకూడదు, ఉంటే అది పాపం అనుకుని, పైకి "నీ ఇష్టం ప్రభువా" అనేస్తారు. లోపల కోరిక అలాగే కూర్చుని ఉంటుంది. యేసు అలా ప్రార్థించలేదు. "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగించుము" అని ముందు తన మనసులో ఉన్నది అడిగాడు. ఆ తర్వాతే "అయినను". మహా రోదనంతో, కన్నీళ్లతో ప్రార్థించాడని హెబ్రీ పత్రిక 5:7 చెబుతుంది. చెప్పని కోరికను అప్పగించలేం. చేతిలో ఏముందో ఒప్పుకున్నాకే కదా ఇవ్వగలిగేది.

చేయాల్సింది ఇది. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పేజీలో మూడు గడులు గీయండి. మొదటి గడిలో మీరు కోరుతున్నది రాయండి, పెద్ద మాటలు లేకుండా. "దేవుని మహిమ కోసం ఉద్యోగం" అని కాదు, "నాకు ప్రమోషన్ కావాలి, నా తర్వాత చేరినవాళ్లకు వచ్చింది, నాకు బాధగా ఉంది" అని. రెండో గడిలో అది దొరక్కపోతే మీకున్న భయం రాయండి. మూడోది ఖాళీగా ఉంచండి. వరస మొదట్లో తేదీ వేయండి.

రెండో గడి చాలా ముఖ్యం. నేను మొదటి గడిలో "అమ్మాయికి మంచి సంబంధం" అని రాశాను. రెండో గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. పొయ్యి మీద పాలు పొంగి కారేదాకా ఆ ఖాళీ గడినే చూస్తూ కూర్చున్నాను. చివరికి రాసింది: "మా చెల్లెలి కూతురికి అయిపోయింది, మనదానికి ఇంకా అవలేదని నలుగురూ అంటారు." నాలుగు వారాల ఉపవాసం వెనక ఉన్నది అమ్మాయి సుఖం ఒక్కటే కాదు.

రెండో అడుగు: "వద్దంటే వింటానా?" అని మిమ్మల్ని మీరే అడగండి

యిర్మీయా గ్రంథం 41 నుంచి 43 అధ్యాయాలు ఒకసారి కూర్చుని వరసగా చదవండి. సంఘాల్లో దీని మీద ప్రసంగాలు తక్కువ, కానీ ఈ విషయంలో ఇంతకంటే సూటి పాఠం నాకు కనబడలేదు. యెరూషలేము బబులోను చేతిలో కూలిపోయింది. అధిపతిగా ఉంచిన గెదల్యాను చంపేశారు. మిగిలిన కొద్దిమంది, కారేహ కుమారుడైన యోహానాను వెంట యిర్మీయా దగ్గరికి వచ్చి, మేము ఏ దారిన వెళ్లాలో దేవుణ్ణి అడుగు, మేలైనా కీడైనా ఆయన మాట వింటాం అని ఒట్టు పెట్టారు. పది రోజుల తర్వాత జవాబు వచ్చింది. ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకు వెళ్లొద్దు. వాళ్లు ఏమన్నారు? "నీవు అబద్ధమాడుచున్నావు." ఐగుప్తుకే వెళ్లారు, యిర్మీయాను కూడా తీసుకుపోయారు.

అసలు సంగతి 41:17లో ఉంది. వాళ్లు ప్రవక్తను అడగకముందే ఐగుప్తుకు బయల్దేరి, బేత్లెహేము దగ్గర దిగి ఉన్నారు. ముల్లె మూట సర్దుకున్నాకే ప్రార్థన మనవి వచ్చింది. నేను చీరకు అడ్వాన్సు ఇచ్చినట్టే.

కాబట్టి జవాబు కోసం అడిగే ముందు మూడు విషయాలు చూసుకోండి. దేవుడు వద్దంటే వెనక్కి తీసుకోలేని పని ఏదైనా ఇప్పటికే చేశానా? నాకు నచ్చని మాట చెప్పే మనిషిని తప్పించుకు తిరుగుతున్నానా? ఒక పాస్టర్‌గారు కాదన్నారని ఇంకో పాస్టర్‌గారి దగ్గరికి వెళ్తున్నానా? ఒక్కదానికి అవునన్నా, ఇంకా అడగడం మొదలవలేదన్నమాట. ఆయన చిత్తం చేయాలని నిశ్చయించుకున్నవాడే ఆ బోధ దేవునిదో కాదో తెలుసుకుంటాడని యోహాను 7:17. చేయడానికి ఒప్పుకోవడం ముందు, తెలియడం తర్వాత. మనం వరస తిప్పుతాం. తెలిస్తే అప్పుడు ఆలోచిద్దాం అంటాం.

వినే మనసు లేదని తేలితే భయపడకండి. అదే ప్రార్థించండి. "ప్రభువా, వినాలనే ఇష్టం కూడా నాకు లేదు, అది నువ్వే పుట్టించు." మనలో ఇచ్ఛయించడాన్ని కూడా కలిగించేవాడు దేవుడే అని ఫిలిప్పీయులకు 2:13లో పౌలు రాశాడు. నన్ను ఆదుకున్నది ఆ వచనమే.

మూడో అడుగు: ఇప్పటికే తెలిసిన చిత్తం ముందు చేయండి

ద్వితీయోపదేశకాండము 29:29 రహస్యాలు దేవునివని, బయలుపరచినవి మనవని చెబుతుంది. మనం ఎప్పుడూ ఆయన వాటా గురించే ఆరాటపడతాం. ఏ ఊరు, ఏ సంబంధం, ఏ కంపెనీ? మన వాటా అలాగే పడి ఉంటుంది.

బైబిలులో "ఇది దేవుని చిత్తము" అని వేలు పెట్టి చూపించిన చోట్లు ఉన్నాయి. మొదటి థెస్సలొనీకయులకు 4:3: మీరు పరిశుద్ధులగుటయే. అదే పత్రిక 5:18: ప్రతి విషయంలో కృతజ్ఞతాస్తుతులు చెల్లించడం. మొదటి పేతురు 2:15: మేలు చేయడం ద్వారా మూర్ఖుల నోరు మూయించడం. మీకా 6:8: న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనస్సుతో ఉండడం. వీటికి ప్రవచనం అక్కర్లేదు, దర్శనం అక్కర్లేదు.

ఏ ప్లాటు కొనాలో చూపించమని అడుగుతూ పనిమనిషి జీతం పదో తారీఖు దాకా ఆపితే, దేవుడు చెప్పింది వినలేదనే అర్థం. బలిపీఠం దగ్గర నిలబడ్డాక సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే ముందు వెళ్లి సమాధానపడు అని యేసు మత్తయి 5:24లో అన్నాడు. ఉపవాసం ఉన్న ఆ నాలుగు వారాలూ నేను మా తోడికోడలితో మాట్లాడడం లేదు. ఎనిమిది నెలలైంది, ఏదో ఫంక్షన్‌లో పిలుపు దగ్గర వచ్చిన మాట పట్టింపు. మామ్మగారి ఇంటి నుంచి వచ్చిన మూడో రోజు ఫోన్ చేశాను. చేసేసరికి నా గొంతు ఆరిపోయింది. సంబంధం గురించి ఏ వెలుగూ రాలేదు ఆ రోజు. కానీ చాలా కాలం తర్వాత ఆ రాత్రి ప్రార్థన పైకప్పు దాటి వెళ్లినట్టనిపించింది.

నాలుగో అడుగు: అప్పగించండి, ఒకసారి కాదు

గెత్సేమనే అంటే నూనె గానుగ. ఒలీవ కాయలను నలిపి నూనె తీసే చోటు. అక్కడ యేసు మూడుసార్లు ప్రార్థించాడు. మత్తయి 26లో మొదటి రెండు ప్రార్థనలు పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిది: "సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్ద నుండి తొలగిపోనిమ్ము." రెండోది: నేను త్రాగితేనే గాని ఇది తొలగిపోవడం సాధ్యం కాకపోతే, "నీ చిత్తమే సిద్ధించు గాక." కొద్దిగానే, కానీ మాట కదిలింది. మూడోసారి మళ్లీ అదే మాట. దేవుని కుమారుడే ఒక్క రాత్రిలో మూడుసార్లు మోకరిస్తే, మనం ఆదివారం ఆరాధనలో ఒకసారి చేయి ఎత్తి "సమర్పించుకున్నాను" అంటే సరిపోతుందని ఎలా అనుకుంటాం?

నేను చేసే విధానం చెబుతాను. ఉదయం మోకరించి రెండు చేతులూ పిడికిళ్లు బిగిస్తాను. నోట్‌బుక్‌లో రాసిన విషయం పేరు పెట్టి చెబుతాను. తర్వాత మెల్లగా వేళ్లు విప్పి అరచేతులు పైకి పెట్టి, "ఇది నీ చేతిలో పెడుతున్నాను, తీసుకున్నా సరే, తిరిగి ఇచ్చినా సరే" అంటాను. చిన్నపిల్లల పనిలా కనిపించవచ్చు. చేసి చూడండి. కొన్ని రోజులు వేళ్లు నిజంగానే విడవవు. అలాంటి రోజు విడిచినట్టు నటించకండి. "ఈ రోజు నా వల్ల కాలేదు" అని చెప్పి లేవండి. రేపు మళ్లీ.

అప్పగించాక కూడా మధ్యాహ్నానికి బెంగ తిరిగొస్తుంది. వస్తే అప్పగించలేదని కాదు. ఎన్నిసార్లు తిరిగొస్తే అన్నిసార్లు అదే మాట చెప్పండి, అంట్లు తోముతూ అయినా, బస్సులో నిలబడి అయినా.

ఐదో అడుగు: నిర్ణయం కోసం వెలుగు అడగండి

ఇప్పుడు, ఈ నాలుగూ అయ్యాక, ఏ దారి అని అడగడం సరైన సమయం. వాక్యం, దేవభక్తి గలవారి సలహా, పరిస్థితులు, మనసులోని నెమ్మది. ఈ నాలుగూ చూడాలని మన పెద్దలు చెబుతారు. నా అభిప్రాయంలో ఇవి నాలుగూ సమానం కాదు.

వాక్యం మొదటిది, మిగతావి దాని కింద. అయితే వాక్యం అంటే బైబిలు కళ్లు మూసుకుని తెరిచి వేలు పెట్టడం కాదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం తీసుకునే వాగ్దాన కార్డు సంగతే చూడండి. యిర్మీయా 29:11 ఎంతమందికి వచ్చి ఉంటుందో. సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అన్న ఆ మాట ఎంత ఆదరణో నాకు తెలుసు, మా ఇంట్లో గోడకు కూడా ఉంది. కానీ దాని ముందు వచనంలో డెబ్బది సంవత్సరాలు అని ఉంది. ఐదో వచనంలో, చెరలో ఉన్న ఆ ఊళ్లోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. కార్డు తీసుకోండి, సంతోషమే. ఇంటికి వచ్చి ఆ అధ్యాయం మొత్తం చదవండి.

చీటీలు వేయడం గురించి చాలామంది అడుగుతారు. అపొస్తలుల కార్యములు 1:26లో యూదా స్థానంలో మత్తీయను ఎంచుకోవడానికి చీట్లు వేసిన మాట నిజం. అది పెంతెకొస్తుకు ముందు. పరిశుద్ధాత్మ దిగివచ్చిన తర్వాత సంఘం అలా నిర్ణయించుకున్నట్టు కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. 15వ అధ్యాయంలో పెద్ద చిక్కు వస్తే అందరూ కూర్చుని, వాదించుకుని, లేఖనం చూసి, "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని రాశారు. గిద్యోను గొర్రెబొచ్చు నేల మీద పెట్టి, అది మాత్రమే మంచుకు తడవాలని దేవుణ్ణి గుర్తు అడిగిన సంగతి కూడా అంతే. న్యాయాధిపతులు 6:14లోనే దేవుడు వెళ్లమని చెప్పేశాడు. బొచ్చు చిత్తం తెలుసుకోవడానికి కాదు, అతని భయానికి. దేవుడు ఆ భయాన్ని ఓర్చుకున్నాడు, అది ఆయన దయ. దాన్ని మనం పద్ధతిగా పెట్టుకోకూడదు.

సలహాకు, మీ నిర్ణయం వల్ల లాభం గానీ నష్టం గానీ లేని ఇద్దరు ముగ్గుర్ని అడగండి. అలాగే నిర్ణయం ఎవరి జీవితం మీద పడుతుందో వాళ్లనూ అడగండి. ఇది నేను మర్చిపోయిన మెట్టు. ఆదికాండము 24లో అబ్రాహాము సేవకుడు ప్రార్థించాడు, జవాబు వచ్చింది, రిబ్కా ఇంటివాళ్లు "ఇది యెహోవావలన కలిగిన కార్యము" అన్నారు. అయినా చివర్లో అమ్మాయిని పిలిచి, ఇతనితో వెళ్తావా అని అడిగారు. "వెళ్లెదను" అని ఆమె నోటితో చెప్పాకే పంపారు. ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివానో, ఆ వచనం దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఒక సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తున్నప్పుడు మా అమ్మాయిని అడిగాను. మడతపెడుతున్న దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడి, "నాకు అంత దూరం వెళ్లాలని లేదమ్మా. నువ్వు ఉపవాసం ఉంటున్నావని చెప్పలేకపోయాను" అంది.

మనసులో నెమ్మది గురించి ఒక హెచ్చరిక. నెమ్మదిగా ఉంది కాబట్టి దేవుని చిత్తమే అనుకోకండి. దేవుని నుంచి పారిపోతూ యోనా ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. తండ్రి చిత్తం మధ్యలో నిలబడిన యేసుకు చెమట రక్తబిందువుల్లా కారింది. నెమ్మదిని చివర చూడండి, మొదట కాదు.

ఇంకొకటి. "దేవుడు నీ గురించి నాకు చెప్పాడు" అని ఎవరైనా వచ్చి ఇంత డబ్బివ్వు, ఫలానావాణ్ణి చేసుకో అంటే, ఆ మనిషి ఎంత పెద్దవాడైనా సమస్తాన్నీ పరీక్షించమన్న వాక్యం (మొదటి థెస్సలొనీకయులకు 5:21) మీకు ఆ హక్కు ఇచ్చింది.

ఆరో అడుగు: అడుగు వేయండి

నీ వాక్యం నా పాదాలకు దీపం అన్నాడు కీర్తనకారుడు. ప్రమిద దీపం పట్టుకుని పొలం గట్టు మీద నడిచినవాళ్లకు తెలుసు, అది ఒక్క అడుగు మేరకే కనబడుతుంది. ఊరి దాకా కనబడాలని నిలబడితే తెల్లారిపోతుంది.

అపొస్తలుల కార్యములు 16లో పౌలు కదులుతూనే ఉన్నాడు. ఆసియలో వాక్యం చెప్పకుండా పరిశుద్ధాత్మ ఆపాడు. బితూనియకు ప్రయత్నిస్తే అక్కడా తలుపు మూసుకుంది. త్రోయకు వచ్చాక, మాసిదోనియకు రమ్మని ఒక మనిషి పిలుస్తున్న దర్శనం. అంతటి అపొస్తలుడికే రెండు దారులు మూసుకున్నాకే మూడోది తెలిసింది. వెళ్లిన చోట ఏమైంది? ఫిలిప్పీలో బెత్తాల దెబ్బలు, చెరసాల. కష్టం వచ్చింది కాబట్టి తప్పు దారి అని తీర్మానించుకోకండి.

ప్లాన్ వేసుకోండి, అప్లికేషన్ పెట్టండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. యాకోబు 4:15 ప్రణాళికలు వేసుకోవద్దనలేదు, "ప్రభువు చిత్తమైతే" అని వాటి మీద రాయమంది.

ఏడో అడుగు: "కాదు" లేదా "ఇప్పుడు కాదు" వచ్చినప్పుడు

దావీదు మందిరం కట్టాలనుకున్నాడు. మంచి కోరిక, నాతాను ప్రవక్త కూడా ముందు సరే అన్నాడు. ఆ రాత్రే దేవుడు కాదన్నాడు, నీ కుమారుడు కడతాడన్నాడు. దావీదు అలిగి కూర్చోలేదు. మొదటి దినవృత్తాంతములు 22లో బంగారం, వెండి, ఇనుము, దేవదారు మ్రానులు కొడుకు కోసం సమకూర్చాడు. మీకు కాదన్న పనిని ఇంకొకరు చేస్తున్నప్పుడు వాళ్లకు సాయపడగలరా? ఇష్టం నిజంగా అప్పగించారో లేదో అక్కడ తెలుస్తుంది.

ఆలస్యం ఇంకా కష్టం. ఒంగోలు వాళ్లకు ఈ కథ తెలుసు. 1854 జనవరి 1 తెల్లవారుజామున, తెలుగు ప్రాంతంలో పని మూసేద్దామా అన్న మాట నడుస్తున్న రోజుల్లో, బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ భార్యతో, కొద్దిమంది విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. జాన్ క్లౌ ఒంగోలులో పని మొదలుపెట్టింది 1866లో. పన్నెండేళ్లు. 1876-78 కరువులో క్లౌ, ఒకప్పటి సర్వేయరు, బకింగ్‌హామ్ కాలువ పనిలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించారు. వాళ్లలో చాలామంది బాప్తిస్మం అడిగితే, కూడు కోసం వస్తున్నారేమో అని కరువు తీరేదాకా ఆపారు. 1878 జూలై 3న ఒక్క రోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాకు ఆ అంకె కంటే మధ్యలో ఖాళీగా గడిచిన పన్నెండేళ్లే ఎక్కువ ధైర్యమిస్తాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. భర్త కొడుతుంటే భరించడం దేవుని చిత్తం కాదు. జబ్బుకు మందు మానేయడం విశ్వాసం కాదు. పౌలు వెంట వైద్యుడైన లూకా ఉన్నాడు, తిమోతి కడుపు జబ్బుకు పౌలే వైద్యం చెప్పాడు. ఎదుటివాడి పాపాన్ని మనకు దేవుని చిత్తమని ఎవరైనా నేర్పితే నమ్మకండి. సాయం అడగండి, బయటికి రండి.

మేము ఆ సంబంధం వద్దన్నాం. అబ్బాయి మంచివాడే, ఇప్పటికీ అలాగే అనుకుంటాను. చీర అడ్వాన్సు వదులుకున్నాం. మా అమ్మాయి పెళ్లి ఆ తర్వాత మూడేళ్లకు, బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్లో అబ్బాయితో జరిగింది. ఆ మూడేళ్లలో నా పిడికిలి ఎన్ని ఉదయాలు విడవలేదో లెక్క లేదు.

ఆఖరుగా, ప్రతి నెల చివర ఒక రాత్రి నోట్‌బుక్ తీసి మూడో గడిలో ఏం జరిగిందో రాయండి. అడిగినట్టు జరిగితే అలాగే, జరగకపోతే అదీ, అర్థం కాకపోతే "తెలియలేదు" అని. నా దాంట్లో మూడో గడి ఖాళీగా ఉన్న వరసలు ఇంకా నాలుగున్నాయి. ఈ ఉదయం రెండోదాని కోసం మళ్లీ మోకరించాను.